డ్రమ్ము బార్బెక్యూ.. ముందు దాని పాత కథ అడగండి

సెలవు రోజు మాంసం వండుకునే తీరు మారుతోంది. కుక్కర్లో నాలుగు విజిళ్లకు దిగిపోయే మటన్ కూరను పక్కనపెట్టి, డాబా మీద ఐదారు గంటలు పొగపెట్టి కోడినో, మేక తొడనో మగ్గించుకునే ఇళ్లు పట్టణాల్లో ఇప్పుడు కనిపిస్తున్నాయి. ఊరి బయట స్థలం ఉన్నవాళ్లు, వీడియో చూసి ముచ్చటపడినవాళ్లు, అమెరికా నుంచి వచ్చిన తమ్ముడు దగ్గరుండి చేయించాడని చెప్పేవాళ్లు.. వీళ్లందరి దగ్గరా ఉండే వస్తువు ఒకటే. 200 లీటర్ల ఇనుప డ్రమ్ము.

డ్రమ్ములో వంట కొత్తదేం కాదు. జమైకాలో రోడ్ల పక్కన డ్రమ్మును పొడవునా రెండు చెక్కలుగా కోసి, అందులో నిప్పులు పోసి జెర్క్ చికెన్ కాలుస్తారు. అమెరికాలో డ్రమ్మును కోయకుండా నిలబెట్టి, అడుగున బొగ్గులు, పైన జాలీ మీద మాంసం ఉంచి, మూతపెట్టి గంటల తరబడి వదిలేస్తారు. మన దగ్గరకు వచ్చింది ఈ రెండోది. హోటల్లో టేబుల్ మధ్య చువ్వలకు గుచ్చి పెట్టే బార్బెక్యూ వేరు, ఇది వేరు. అక్కడ ముక్క నేరుగా సెగ మీద కాలుతుంది. ఇక్కడ ముక్కకూ నిప్పుకూ మధ్య సుమారు రెండడుగుల దూరం ఉంటుంది. లోపలి వేడి 110 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలకడగా ఉంటుంది.

ఓపీలో బీపీ చూపించుకుని లేవబోతూ కొందరు అడుగుతుంటారు. ‘సార్, ఈ పొగ మాంసం తింటే క్యాన్సర్ వస్తుందంటారు, నిజమేనా?’ అని. జవాబు చెప్పేముందు నేను తిరిగి ఒకటి అడుగుతాను. ‘డ్రమ్ము ఎక్కడ కొన్నారు? ఇంతకుముందు దాంట్లో ఏముండేది?’ చాలామంది తెల్లమొహం వేస్తారు. క్యాన్సర్ అన్నది ఏళ్ల తరబడి అలవాటుతో వచ్చే ముప్పు. దాని గురించి కూడా చెబుతాను. కానీ డ్రమ్ముతో, బొగ్గులతో, ఆ పొగలో కంటికి కనిపించని వాయువుతో వచ్చే ముప్పు ఒక్క సాయంత్రంలో తేలిపోతుంది. జనం భయపడేది మొదటిదానికి. క్యాజువాల్టీలో నేను భయపడేది రెండోదానికి.

ఖాళీ డ్రమ్ము ఖాళీ కాదు

పాత ఇనుప సామాన్ల దుకాణంలో డ్రమ్ములన్నీ ఒకేలా ఉంటాయి. ఒకదాంట్లో వంటనూనె వచ్చి ఉండొచ్చు. పక్కదాంట్లో థిన్నరు, ఇంకోదాంట్లో పురుగుమందు. కడిగేశాం కదా అనుకుంటే సరిపోదు. పురుగుమందు, రంగులు, ద్రావకాలు, యాసిడ్లు నిల్వచేసిన డ్రమ్మును వంటకు ఎన్నిసార్లు కడిగినా వాడకూడదు. అతుకుల్లో, అంచుల మడతల్లో మిగిలిపోయిన మందు వేడికి ఆవిరై మాంసానికీ పడుతుంది, పక్కన నిలబడ్డవాళ్ల ఊపిరితిత్తుల్లోకీ వెళ్తుంది. పురుగుమందు ఎంత కొంచెమైనా ఎంత పనిచేస్తుందో మా ఆసుపత్రుల్లో ఏ హౌస్ సర్జన్‌ను అడిగినా చెబుతారు.

అంతకన్నా ముందే జరిగే ప్రమాదం ఇంకోటుంది. పైమూత కోసి పెట్టమని డ్రమ్మును ఆటోనగర్‌కో, వీధి చివరి వెల్డింగ్ షాపుకో తీసుకెళ్తారు. పెట్రోలు, థిన్నరు, స్పిరిట్ లాంటివి ఉన్న డ్రమ్ములో అడుగున చుక్క లేకపోయినా ఆవిరి నిండి ఉంటుంది. బిరడా బిగించి ఉన్న అలాంటి డ్రమ్ము మీద గ్రైండర్ పెడితే వచ్చే నిప్పురవ్వ చాలు, బాంబులా పేలుతుంది. మూత ఎగిరి తగిలేది కోస్తున్న కుర్రాడికి. మీరు ఇచ్చే రెండు మూడు వందల కూలికి అతను తీసుకోవాల్సిన ముప్పు కాదది.

అందుకే అసలు కోయక్కర్లేని డ్రమ్ము వెతకండి. పైమూత మొత్తం ఊడివచ్చి, రింగుతో బిగించే రకం ఉంటుంది. చిత్తూరు ప్రాంతంలో మామిడి గుజ్జు ఎగుమతి చేసే ఫ్యాక్టరీలు గుజ్జును ప్రత్యేకమైన సంచిలో నింపి, ఆ సంచిని ఇలాంటి స్టీలు డ్రమ్ములో పెడతాయి. గుజ్జు డ్రమ్ముకు తగలదు. మూత దానంతటదే ఊడుతుంది. నన్నడిగితే ఇంతకన్నా మంచి డ్రమ్ము మన దగ్గర లేదు. ఒకసారి వేరే సరుకు నింపి అమ్మినదైతే మాత్రం ఈ మాట వర్తించదు. కాబట్టి డ్రమ్ము ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చిందా, మధ్యలో చేతులు మారిందా అన్నది అడగాల్సిందే. దుకాణదారు నసిగితే వదిలేయండి. కొత్త డ్రమ్ము ధర కొంచెం ఎక్కువైనా నయం.

ఇంకో మాట. జీఐ డ్రమ్ము, జీఐ జాలీ వద్దు. తుప్పు పట్టకుండా వాటికి జింకు పూత ఉంటుంది. ఎర్రటి నిప్పులకు తగిలే చోట ఆ జింకు పొగగా మారుతుంది. వెల్డర్లకు ఇది బాగా అనుభవం. సాయంత్రం పనిచేసి ఇంటికెళ్తే రాత్రికి చలిజ్వరం, ఒళ్లునొప్పులు, నోట్లో ఇనుము రుచి. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది కానీ మలేరియా అనుకుని పరీక్షలకు తిరుగుతారు. పైగా మన మసాలాల్లో నిమ్మరసం, పెరుగు ఉంటాయి. పులుపు తగిలితే జింకు కరిగి ముక్కకు పడుతుంది. అది వాంతులు తెప్పిస్తుంది. జాలీకి స్టెయిన్‌లెస్ స్టీలే వాడండి.

కట్టుకోవడం తేలికే

డ్రమ్ము దొరికాక పని తక్కువ. అడుగు నుంచి రెండంగుళాల ఎత్తులో ముప్పావు అంగుళం రంధ్రాలు మూడు, చుట్టూ సమాన దూరంలో. ఇవి గాలి లోపలికి వెళ్లడానికి. రెండింటికి ఇనుప మూతలు, ఒకదానికి బాల్ వాల్వ్ పెట్టిస్తే వేడి మీ చేతిలో ఉంటుంది. పైమూతకు అర అంగుళం రంధ్రాలు ఎనిమిది, పొగ బయటికి పోవడానికి. బొగ్గులకు అడుగున్నర వెడల్పు ఇనుప బుట్ట, కింద మూడంగుళాల కాళ్లు. బూడిద కిందికి రాలిపోవాలి, గాలి ఆడాలి, అందుకు. డ్రమ్ము పై అంచుకు ఆరేడు అంగుళాల కిందుగా నాలుగు బోల్టులు బిగించి, వాటి మీద జాలీ నిలబెట్టాలి. జాలీ ఎత్తులోనే పక్కన థర్మామీటర్ ఒకటి. బయట రెండు చెక్క పిడులు. అంతే.

కొత్త డ్రమ్ముకైనా లోపల లక్క లాంటి పూత ఉండొచ్చు. వంటకు ముందు దాన్ని కాల్చి వదిలించాలి. ఇళ్లకు దూరంగా, ఖాళీ స్థలంలో పెట్టి, మూత తీసి, కట్టెలతో రెండు గంటలు పెద్ద మంట వేయండి. ఆ పొగ మంచిది కాదు. గాలి ఎటు వీస్తుందో చూసుకుని పొగ తగలని వైపు నిలబడండి, పిల్లల్ని రానివ్వకండి. చల్లారాక గీకి, కడిగి, ఆరబెట్టి, లోపలంతా వంటనూనె రాసి, మాంసం లేకుండా మూడు గంటలు పొగపెట్టాలి. గోడలు నల్లగా నిగనిగలాడితే డ్రమ్ము సిద్ధమైనట్టు. బయట ఎంత మంచి రంగైనా వేసుకోండి. లోపల నూనె తప్ప ఏమీ వద్దు.

సర్కారు తుమ్మ, టెక్సస్ కట్టె

టెక్సస్‌లో బార్బెక్యూకు వాడే కట్టెల్లో మెస్కీట్ ఒకటి. మన చెరువుగట్ల మీద, బీళ్లలో ముళ్లతో చికాకు పెట్టే సర్కారు తుమ్మ దాని దగ్గరి చుట్టమే. బజార్లో దొరికే బొగ్గులో చాలావరకు దాన్నుంచి వచ్చేదే. ఘాటైన పొగ కాబట్టి బొగ్గుగా మంచిది. వాసన కోసం పైన వేసే ముక్కలకు మామిడి, జామ బాగుంటాయి. గుప్పెడు ముక్కలు చాలు. బాగా ఎండినవి కావాలి. నీళ్లలో నానబెట్టమని వీడియోల్లో చెబుతుంటారు, అవసరం లేదు. తడి కట్టె దట్టమైన తెల్లటి పొగ వదులుతుంది. అది చేదు, ఆరోగ్యానికీ చేటే. మూత రంధ్రాల్లోంచి కనీకనిపించని పలచటి పొగ వస్తుంటే మంట సరిగ్గా ఉన్నట్టు.

వాడకూడనివి కొన్నున్నాయి. ప్లైవుడ్, రంగు వేసిన తలుపు చెక్కలు, ప్యాకింగ్ పెట్టెల చెక్కలు. వాటిలో జిగురు, రంగు, చెదలమందు ఉంటాయి. పెరట్లో గన్నేరు కొట్టేశాం కదా అని దాని కొమ్మ వేయొద్దు, దాని పుల్లను చువ్వగా అసలే వాడొద్దు. ఆ చెట్టు మొత్తం గుండెకు విషం. పలాస వైపు వాళ్లకు జీడిపిక్కల తొక్కలు చవగ్గా దొరుకుతాయి. వాటిలో నూనె చర్మాన్ని పొక్కులు తేల్చేంత ఘాటు, ఆ పొగ వంట మీదికి రానివ్వకూడదు.

నిప్పు రాజేయడానికి పెట్రోలు, శానిటైజర్ పోసేవాళ్లను చూస్తే భయమేస్తుంది. మంట అందుకోలేదని రెండోసారి పోసినప్పుడే ఎక్కువ ప్రమాదం. లోపల కనిపించకుండా రగులుతున్న బొగ్గు ఆవిరిని అందుకుని, మంట సీసా దాకా పాకుతుంది. కొబ్బరి పీచు, పాత పేపర్లు చాలు. కాస్త ఓపిక పట్టాలంతే. వంట మధ్యలో మూత ఒక్కసారిగా లాగొద్దు. గాలి దూసుకెళ్లి మంట పైకి లేస్తుంది. పక్కకు నిలబడి, కొంచెం ఎత్తి, ఆగి, తర్వాత తీయండి. నైలాన్ చున్నీలు, వదులు చేతులు దగ్గరకు రాకూడదు. చేయి కాలితే వెంటనే కుళాయి కింద 20 నిమిషాలు. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, ఇడ్లీ పిండి.. ఇవన్నీ పూసుకొచ్చినవాళ్లకు వాటిని కడగడానికే మా నర్సమ్మలు సగం సమయం పెడతారు.

వాన వచ్చింది, డ్రమ్ము లోపలికొచ్చింది

ఒక శనివారం రాత్రి మా క్యాజువాల్టీకి ఒకే ఇంటివాళ్లు నలుగురు వచ్చారు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు. ‘కోడి చెడిపోయినట్టుంది సార్’ అంటూ ఇంటాయన డబ్బాలో మిగిలిన ముక్కలు కూడా తెచ్చాడు. కోవిడ్ నాటి ఆక్సీమీటర్ జేబులోనే ఉంది. అందరికీ 98 చూపిస్తోంది. అందరికన్నా మగతగా ఉన్నది పెద్దావిడ. ‘ఆవిడేం తిన్నారు?’ అని అడిగితే కోడలు చెప్పింది. ‘అత్తమ్మ శనివారం నీచు ముట్టదండీ. పెరుగన్నం తిని పడుకుంది.’

కోడి తినని మనిషికే అందరికన్నా ఎక్కువ జబ్బు చేస్తే తప్పు కోడిది కాదు. ఇంకాస్త అడిగితే సంగతి బయటపడింది. సాయంత్రం వాన మొదలైంది. డ్రమ్మును ఇద్దరు పట్టుకుని కారు షెడ్డులోకి జరిపారు. జల్లు కొడుతోందని షట్టర్ సగం దించారు. పెద్దావిడ గది కిటికీ ఆ షెడ్డులోకే ఉంది.

బొగ్గులు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. గాలి తక్కువగా తగిలే కొద్దీ ఎక్కువ పుడుతుంది. డ్రమ్ములో మనం కావాలనే గాలిని బిగించి బొగ్గును నెమ్మదిగా కాలనిస్తాం కదా. అంటే ఆ వాయువు తయారు కావడానికి అన్నీ అమర్చినట్టే. ఆరుబయట గాలిలో కలిసిపోతుంది. షెడ్డు, మెట్ల గది, గ్రిల్లు వేసి అద్దాలు బిగించిన బాల్కనీ, గుడారం.. ఇలాంటి చోట్ల పేరుకుంటుంది. తలుపు సగం తెరిచి ఉంచాం అన్న ధీమా పనికిరాదు.

రక్తంలో ఆక్సిజన్‌ను మోసుకెళ్లే హిమోగ్లోబిన్‌కు ఈ వాయువు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ఆక్సిజన్‌కు చోటుండదు. మెదడు, గుండె ముందు దెబ్బతింటాయి. ఇక ఆక్సీమీటర్ విషయం. అది వేలిలోంచి కాంతి పంపి రక్తం ఎరుపును బట్టి లెక్క చెబుతుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తం కూడా ఎర్రగానే ఉంటుంది. పరికరానికి తేడా తెలియదు. మనిషికి ఊపిరి అందకపోతున్నా 98 అనే చూపిస్తుంది. ఇంట్లో ఆక్సీమీటర్ ఉన్న ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది. బొగ్గుల పొగ దగ్గర ఉన్నవాళ్ల విషయంలో దాని అంకెను నమ్మొద్దు.

మరి గుర్తుపట్టేదెలా? ఒకే చోట ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, నీరసం మొదలైతే, జ్వరం లేకపోతే, బయటికొస్తే కాస్త తేలికపడితే ముందు దీన్నే అనుమానించాలి. ఇంట్లో పిల్లి, కుక్క కూడా మందకొడిగా ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. వెంటనే అందర్నీ ఆరుబయటికి తేవాలి. నిప్పు సంగతి తర్వాత చూసుకోవచ్చు. 108కి ఫోన్ చేసి ‘బొగ్గుల పొగ’ అన్న మాట తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క మాటతో మాకు దారి దొరుకుతుంది. చికిత్స ఆక్సిజనే. మామూలు గాలి పీలిస్తే రక్తంలో ఆ వాయువు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో తగ్గుతుంది. ఆ పెద్దావిడ రెండో రోజుకు లేచి కూర్చుంది. అయినా వాళ్లకు ఒకటి చెప్పి పంపించాం. కొందరికి రెండు మూడు వారాల తర్వాత మతిమరుపు, నడక తడబడటం, మనిషి తీరు మారడం కనిపించొచ్చు. అలా అనిపిస్తే ఆలస్యం చేయకుండా రావాలని.

గర్భిణులు డ్రమ్ము దగ్గర అసలు ఉండకూడదు. బిడ్డ రక్తానికి ఈ వాయువు ఇంకా గట్టిగా పడుతుంది, ఇంకా ఆలస్యంగా వదులుతుంది. ఆస్తమా, సీఓపీడీ ఉన్నవాళ్లకు మామూలు పొగే ఇబ్బంది. అపార్టుమెంటు డాబా అయితే పై అంతస్తు వాళ్ల కిటికీలు ఎటున్నాయో చూసి పెట్టండి. వాళ్లింట్లో నెబ్యులైజర్ ఉందో లేదో మీకు తెలియదు. శీతాకాలం లంబసింగి, అరకు వెళ్లేవాళ్లకు కూడా చెబుతున్నాను. వంటయ్యాక మిగిలిన నిప్పుల్ని వెచ్చదనం కోసం గుడారంలోకి తెచ్చుకోవద్దు. ఆరిపోయినట్టు బూడిద పట్టిన బొగ్గు కూడా గంటల తరబడి అదే వాయువును వదులుతుంది.

లోపల గులాబీ రంగు ఎందుకు?

పొగలో మగ్గిన మాంసాన్ని కోస్తే పైపొర కింద గులాబీ రంగు చార కనిపిస్తుంది. పచ్చిగా ఉందని కొందరు పారేస్తారు. పొగలోని నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ మాంసంలోని మయోగ్లోబిన్‌తో కలవడం వల్ల వచ్చే రంగు అది. మన రక్తంతో ఆడిన ఆటే కోడితోనూ ఆడుతుందన్నమాట. కాబట్టి ఉడికిందా లేదా అన్నది రంగుతో తేల్చలేం. ముక్క మధ్యలోకి గుచ్చే థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. కోడికి ఎముక దగ్గర 74 డిగ్రీలు రావాలి. కీమా అయితే 71. మటన్ పెద్ద ముక్కకు 63 డిగ్రీలు వచ్చాక మూడు నిమిషాలు ఆగితే క్రిములు చస్తాయి. మెత్తబడాలంటే మాత్రం ఇంకా చాలాసేపు ఉంచాలి, 90 దాటాలి.

తక్కువ వేడి మీద వంట కాబట్టి క్రిములకు సమయం ఎక్కువ దొరుకుతుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య అవి పుట్టలు పుట్టలుగా పెరుగుతాయి. ఫ్రీజర్లోంచి తీసిన కోడిని గడ్డగా ఉండగానే పెడితే బయట కాలుతుంది, లోపల గంటల కొద్దీ గోరువెచ్చగా ఉండిపోతుంది. ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలో పెట్టి పూర్తిగా కరగనివ్వండి. మసాలా పట్టించింది కూడా ఫ్రిజ్‌లోనే ఉండాలి. మన ఎండల్లో వండిన ముక్కల్ని బయట గంటకు మించి ఉంచొద్దు. పచ్చి ముక్కలు పెట్టిన పళ్లెంలోనే వండినవి వడ్డించడం చాలా ఇళ్లలో చూస్తాను. విరేచనాలకు సగం కారణం ఆ పళ్లెమే.

ఇక క్యాన్సర్ మాట

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో నిల్వచేసిన, ఉప్పు పట్టించిన, పొగపెట్టిన మాంసాలను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. మటన్, బీఫ్, పోర్క్ లాంటి ఎర్ర మాంసం దాని తర్వాతి వర్గంలో ఉంది. మొదటి వర్గంలో పొగాకు కూడా ఉంది కాబట్టి రెండూ సమానమని వార్తలొచ్చాయి. అది తప్పు. వర్గం చెప్పేది ఆధారం ఎంత గట్టిదో, ముప్పు ఎంత పెద్దదో కాదు. రోజూ 50 గ్రాముల చొప్పున ఇలాంటి మాంసం తినేవారిలో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని ఆ సంస్థ లెక్క. ఇక్కడ ‘రోజూ’ అన్న మాట ముఖ్యం. నెలకోసారి డ్రమ్ము వెలిగించేవారికి ఈ లెక్క అలాగే వర్తించదు. అలాగని సున్నా కూడా కాదు.

కొవ్వు నిప్పుల మీద పడి లేచే పొగలో బెంజోపైరిన్ లాంటి పదార్థాలు ఉంటాయి. అవి ముక్కకు అంటుకుంటాయి. ముక్క మాడితే ఇంకో రకం పుడతాయి. డ్రమ్ములో వేడి తక్కువ, దూరం ఎక్కువ కాబట్టి రెండో రకం తగ్గుతుంది. మొదటిదాన్ని మనమే తగ్గించాలి. కొవ్వు ముందే తీసేయండి. జాలీకీ బొగ్గులకూ మధ్య నీళ్ల పళ్లెం పెట్టి కారే కొవ్వును అందులో పడనివ్వండి. నిమ్మరసం, వెల్లుల్లి దట్టించి నానబెడితే మాడినప్పుడు పుట్టే పదార్థాలు తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. మన మసాలా ఇందుకు పనికొస్తుంది. నల్లగా మాడిన అంచులు కోసి పారేయండి. కోడి, చేప ఎక్కువగా, మటన్ తక్కువగా పెట్టుకోండి. జాలీ సగం వంకాయలు, మొక్కజొన్న పొత్తులు, పనీరు పెట్టండి. పొగలో మగ్గిన వంకాయ పచ్చడి ముందు మటన్ ఏపాటి అని నా అభిప్రాయం, ఇంట్లో ఎవరూ ఒప్పుకోరనుకోండి. బీపీ ఉన్నవాళ్లు పైన దట్టించే ఉప్పుతో, షుగర్ ఉన్నవాళ్లు సీసాలో వచ్చే తియ్యటి సాస్‌తో జాగ్రత్త.

చెప్పడం మరిచాను, సిగరెట్ పొగలోనూ అదే బెంజోపైరిన్ ఉంటుంది. చేతిలో సిగరెట్ పెట్టుకుని డ్రమ్ము పక్కన నిలబడి, మాంసంలో క్యాన్సర్ గురించి అడిగే మిత్రులు నాకు ఇద్దరున్నారు.

వంటయ్యాక రంధ్రాలన్నీ మూసేస్తే గాలి అందక బొగ్గు ఆరుతుంది, మిగిలింది మళ్లీ వాడుకోవచ్చు. కానీ డ్రమ్ము ఆ రాత్రంతా ఆరుబయటే ఉండాలి. బూడిదను మర్నాడు సాయంత్రం దాకా కదపకండి. ప్లాస్టిక్ చెత్తబుట్టలో పోయకండి, ముందు నీళ్లు చల్లండి. జాలీని తీగల బ్రష్‌తో రుద్దొద్దు. ఊడిన సన్నటి తీగ ముక్కకు అంటుకుని గొంతులో, పేగులో గుచ్చుకుని ఆపరేషన్ దాకా వెళ్లిన కేసులు అమెరికాలో నమోదయ్యాయి. పెద్ద ఉల్లిపాయను సగానికి కోసి, పొడవాటి ఫోర్కుకు గుచ్చి, వేడి జాలీ మీద రుద్దితే శుభ్రంగా వచ్చేస్తుంది.